మైసమ్మ ముందు పెట్టించిన ఒట్టు

తూము షట్టర్ ఎన్ని చుట్లు తిప్పితే ఎంత నీరు దిగుతుందో మీకు నెల రోజుల్లో పట్టుబడుతుంది. గేజి చూడడం వారంలో వస్తుంది. వాటి కోసం నేను కలం పట్టనక్కర్లేదు.

మొన్న వేరే పని మీద బాన్సువాడ సెక్షన్ ఆఫీసుకు వెళ్తే, కాలువ మీద కొత్తగా చేరిన లష్కర్లు నలుగురు నన్ను కూర్చోబెట్టి టీ తెప్పించారు. మంచి పిల్లలే. వాళ్లలో ఒకతను అడిగాడు.

"సారూ, కాల్వ మీద కొట్లాటలు కాకుండ మీరు ఊరోళ్లతోని మైసమ్మ ముందల ఒట్టు పెట్టిస్తుంటిరంట గదా. గది మాకు గూడ నేర్పుండ్రి."

ఏదో చెప్పి తప్పించుకొని వచ్చాను. నేను ఒట్టు పెట్టించిన మాట నిజమే. ఒకే ఒక్కసారి పెట్టించాను. ఆ సంగతి ఇప్పుడు సగమే తిరుగుతున్నట్టుంది. మిగతా సగం తెలియకుండా మీలో ఎవరైనా అదే పని చేస్తే ఆ పాపం కూడా నా ఖాతాలోకే వస్తుంది. అందుకే రాస్తున్నాను.

లష్కర్ పని

నా పేరు విఠల్. నిజాంసాగర్ కాలువల మీద లష్కర్‌గా చేరి, వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా దిగిపోయాను. మధ్యలో కాయితాల మీద ఏం జరిగిందో ఎవరికీ అక్కర్లేదు. పని మాత్రం మొదటి నుంచి చివరిదాకా ఒకటే. పెద్ద కాలువ నుంచి పిల్ల కాలువలకు నీళ్లు వదిలే తూముల తాళం చెవులు నా దగ్గర ఉండేవి. ఎవరి వంతు రోజున వాళ్లకు తెరవాలి, వంతు కాగానే మూయాలి. వినడానికి ఇంతే.

వరి పొట్టకొచ్చి, నేల నెర్రెలు పడుతున్న రోజున ఆ తాళం చెవి జేబులో వేసుకొని ఊళ్లోంచి నడిచి చూడండి, అప్పుడు తెలుస్తుంది. మూడు నెలలు మోకాళ్ల లోతు బురదలో నిలబడ్డవాడికి ఆ ఒక్క తడి అందకపోతే చేసిందంతా మట్టిలో కలుస్తుంది. మా దగ్గర కొట్లాటలు కత్తులతో రావు, పారలతో వస్తాయి. కత్తి అయితే ఇంటికి పోయి తెచ్చుకోవాలి. ఆ దారిలోనైనా మనసు మారొచ్చు. పార ఎప్పుడూ చేతిలోనే ఉంటుంది.

నాకు పని నేర్పిన మొదటి ఇంజనీరు, మా ఏఈ సారు, జీపు ఎక్కేవాడు కాదు. ప్యాంటు మడిచి కాలువ కట్ట వెంట నడిచేవాడు, మమ్మల్నీ నడిపించేవాడు. "జీపుల పోతే నీళ్లు కనబడతయి విఠల్, మనుషులు కనబడరు" అనేవాడు. ఇంకో మాట కూడా అనేవాడు. "నీళ్లు తక్కువైతే తక్కువైనయని మొఖం మీద చెప్పు. రైతు తిడ్తడు. తిట్టనియ్యి. తిడితె వాని కోపం ఆడనే తీర్తది."

మొదటి మాట ఉద్యోగమంతా పాటించాను. కాళ్లు అరిగేలా నడిచాను. రెండో మాట ఒక రోజు మరిచిపోయాను. నేను రాసేది ఆ రోజు గురించే.

నలభై ఒక్క రోజులు

దానికి ముందు సాయిలు సంగతి చెప్పాలి. ఇతను కాలువ మధ్య భాగంలో రైతు. నోరు మంచిది కాదు, చెయ్యి అంతకన్నా మంచిది కాదు. షట్టర్ తాళాలు రెండుసార్లు పగలగొట్టాడు. అలాంటివాడు ఒక ఏడాది మాల వేసుకున్నాడు. నల్ల బట్టలు, మెడలో తులసి పూసలు, కాళ్లకు చెప్పులు లేవు. నన్ను చూస్తే దండం పెట్టి "విఠల్ స్వామీ" అనేవాడు. ఆ రోజుల్లోనే పక్క పొలమాయన సాయిలు వంతులో సగం నీళ్లు తన మడికి మళ్లించుకున్నాడు. సాయిలు చూశాడు. ఏమీ అనలేదు. కళ్లు మూసుకొని ఏదో జపించుకుంటూ పోయాడు. నేను ఆశ్చర్యపోయాను.

కొండకు పోయి వచ్చి మాల తీసిన మర్నాడు పొద్దున్నే పక్క పొలమాయన ముక్కు పగలగొట్టాడు. నేను వెళ్లి అడిగితే నిదానంగా చెప్పాడు.

"మాల మీద ఉంటిని గాబట్టి ఆగిన సారూ. లేకుంటె గా రోజే కొడ్తుంటి."

ఆఫీసులో ఈ కథ చెప్పుకొని అందరం నవ్వుకున్నాం. నవ్వితే పోయేది. నేను దాంట్లోంచి ఒక పాఠం తీశాను. భక్తి ఉన్నంతసేపు మనిషి చెయ్యి ఆగుతుంది కాబట్టి, ఏడాది పొడుగునా భక్తి ఉన్నవాణ్ణి ఏడాది పొడుగునా నమ్మొచ్చు అనుకున్నాను. లెక్క సరిగ్గానే ఉన్నట్టు కనిపించింది.

తొమ్మిది మంది, ఒక రాయి

ఆ తర్వాత కొన్నేళ్లకు డ్యాంలో నీళ్లు బాగా తగ్గిన యాసంగి పంటకాలం ఒకటి వచ్చింది. వంతుల వారీగా తడులిస్తాం, అంతకుమించి లేదని పైనుంచి చెప్పారు. నా కింద ఉన్న కాలువలో అందరికన్నా చివరి తూము మీద తొమ్మిది మంది రైతులు. ఊరి పేరు రాయను. వాళ్ల పిల్లలు, మనవలు ఇప్పుడు ఒకే బస్సులో బాన్సువాడ కాలేజీకి వస్తున్నారు.

ఆ తొమ్మిది మందిలో ఇద్దరి పేర్లు గుర్తుపెట్టుకోండి. ఒకడు గంగారాం. పిల్ల కాలువ కొసాన ఉన్న పొలం అతనిది. తూము పక్కన కట్ట మీద మైసమ్మ రాయి ఉంది, రోజూ పొద్దున దానికి దీపం పెట్టేది అతనే. బొట్టు లేకుండా పొలంలో దిగడు, అమ్మకు చూపించకుండా కొత్త గింజ నోట్లో వేసుకోడు. రెండోవాడు సామేలు. గంగారాంకు సరిగ్గా పైన ఉన్న మడి అతనిది. ఇతరుల పొలాల్లో కూలి చేసి చేసి, అన్నదమ్ములిద్దరూ కలిసి కొనుక్కున్న పొలం. తమ్ముడి పేరు ప్రకాశం. ఆదివారం తెల్ల చొక్కాలు వేసుకొని చర్చికి పోయేవాళ్లు. మిగతా ఆరు రోజులు పొలంలోనే ఉండేవాళ్లు.

తడి మొదలయ్యే ముందు తొమ్మిది మందినీ మైసమ్మ దగ్గరికి పిలిచాను. ఈ ఆలోచన ఎవరూ ఇవ్వలేదు, నాదే. పిడికెడు వడ్లు చేతిలో పట్టుకొని, రాయి మీద ఇంకో చెయ్యి పెట్టి, "నా వంతు తప్ప వేరేటోని వంతు ముట్టను. ముడితె అమ్మ చూసుకుంటది" అనాలి. ఒక్కొక్కరే వచ్చి అన్నారు. గంగారాం చెప్పులు దూరంగా విడిచి, తలపాగా తీసి, కళ్లు మూసుకొని అన్నాడు.

సామేలు ముందుకు రాలేదు. చేతులు కట్టుకొని నిలబడ్డాడు.

"ఏమనుకోకు సారూ. మేము ఒట్టు వెయ్యం. ఏ దేవుని మీద వెయ్యం, మా దేవుని మీద గూడ వెయ్యం. వంతు తప్పనంటే తప్పను. గంతే."

"అందరు వేసిండ్రు గద. నీకేంది?" అన్నాను.

"నా మాట నమ్ము సారూ."

గంగారాం వెనక నుంచి అన్నాడు. "తప్పేటోడే ఒట్టుకు వెనకకు పోతడు."

నలుగురూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఇంత ఏర్పాటు చేస్తే ఇతనొక్కడు పాడు చేశాడని కోపం వచ్చింది. ఆ రోజు నుంచి తూము దగ్గరికి వెళ్తే మొదట సామేలు మడినే చూసేవాణ్ణి. కాలువ తెగిందేమో, రాయి జరిగిందేమో అని వెతికేవాణ్ణి. ఎప్పుడూ ఏమీ కనబడలేదు. కనబడకపోతే, జాగ్రత్తగా చేస్తున్నాడేమో అనుకునేవాణ్ణి.

ఆ రోజు ఇంకో చిన్న సంగతి జరిగింది. అందరూ వెళ్తుంటే గంగారాం ఆగి, "సారూ, తాళం నీ తాన ఉన్నది. నువ్వు గూడ వెయ్యి" అన్నాడు. నేను నవ్వుతూ రాయి మీద చెయ్యి పెట్టాను. "సరే, నేను గూడ వంతు తప్పను" అన్నాను. పసుపు అంటుకుంటే రుమాలుతో తుడుచుకున్నాను.

"కింద చూసుకో"

రెండు తడులు సాఫీగా గడిచాయి. ఒట్టు పనిచేసిందని ఆఫీసులో అందరికీ చెప్పుకున్నాను. మూడో తడి వచ్చేసరికి వరి పొట్ట దశలో ఉంది. అప్పుడు నీళ్లు ఆగితే గింజ కట్టదు, తాలు మిగులుతుంది. గంగారాం వంతు రోజు పొద్దున ఏఈ ఫోన్ చేశాడు. ఈయన కొత్తాయన, నేను ముందు చెప్పిన నడిచే సారు కాదు. చెడ్డవాడేమీ కాదు. మెత్తనివాడు, ఎవరైనా గట్టిగా మాట్లాడితే తట్టుకోలేడు.

"విఠల్, పై తూము షట్టర్ ఒక్క పూట లేపు. ఆ తూము కింద పొలాలున్న పెద్దాయన ఒకరు ఇంటికొచ్చి కూర్చున్నారు. మధ్యాహ్నానికి దించేద్దాం. ఎవరికీ తెలియనక్కర్లేదు."

"కింద చివరి తూము వంతుంది సార్" అన్నాను.

"ఒక్క పూటే కదా" అన్నాడు.

లేపాను. చివరి తూముకు నీళ్లు తగ్గుతాయని తెలుసు. కొంచెమే తగ్గుతాయిలే, ఎవరు చూస్తారు అనుకున్నాను. గంటన్నరకు నా ఫోన్ మోగింది. గంగారాం.

"సారూ, ఇయ్యాల నా వంతు గదా. పొద్దుగాల పిక్కలదాక వచ్చినయి. ఇప్పుడు పాదం మునుగుతలేదు. ఏమైంది?"

నేను పై తూము గట్టు మీదే ఉన్నాను. నీళ్లు పక్క కాలువలోకి పోతున్న చప్పుడు ఫోన్లో వినబడుతుందేమోనని అవతలికి తిరిగి నిలబడ్డాను. నిజం చెబితే తిడతాడు, ఊళ్లో చెబుతాడు, పేపర్లో వస్తుంది, ఏఈ నన్నే ముందుకు తోస్తాడు. ఇవన్నీ ఒక్కసారిగా తలలోకి వచ్చాయి.

"పైన బాగనే పోతున్నయి. కింద చూసుకో" అన్నాను.

రెండు చిన్న మాటలు. కింద అంటే వాళ్ల పిల్ల కాలువలోనే అని. అక్కడ గంగారాంకు సరిగ్గా పైన ఉన్నది సామేలు. తొమ్మిది మందిలో ఒట్టు వేయనిదీ అతనొక్కడే. ఆ మాట ఎక్కడికి పోయి తగులుతుందో నాకు తెలియదని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. ఇప్పుడు రాస్తున్నప్పుడు అలా అనలేకపోతున్నాను.

గట్టు మీద

ఫోన్ పెట్టాక మనసు కుదురుగా లేదు. షట్టర్ దించి, బండి తీసి చివరి తూముకు బయల్దేరాను. నేను వెళ్లేసరికి ప్రకాశం పిల్ల కాలువలో పార పట్టుకొని వంగి ఉన్నాడు. గంగారాం కింది నుంచి పరుగెత్తుకుంటూ వస్తున్నాడు. నుదుటి మీద పొద్దుటి బొట్టు అలాగే ఉంది.

ప్రకాశం తలెత్తి ఏదో అనబోయాడు. గంగారాం పార ఎత్తి కొట్టాడు. ప్రకాశం కుడి చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ చప్పుడు ఎలా ఉందో రాయను.

అవతలి గట్టు మీద తుమ్మకొమ్మలు కొడుతున్న సామేలు గొడ్డలితోనే ఉరికివచ్చాడు. గంగారాం వెనక్కి జరగబోయి మడిలో జారి వెల్లకిలా పడ్డాడు. పార దూరంగా పడిపోయింది. సామేలు అతని మీదికి వచ్చి నిలబడ్డాడు, గొడ్డలి భుజం దాకా లేచి ఉంది. వాళ్లకూ నాకూ మధ్య ఒక మడి దూరం. నేను కదల్లేదు, అరవలేదు. గంగారాం కూడా అరవలేదు, పైకి చూస్తూ పడి ఉన్నాడు.

ఎంతసేపు అలా ఉన్నారో చెప్పలేను. తర్వాత సామేలు గొడ్డలి దించాడు. విసిరేయలేదు. పని అయిపోయాక పెట్టినట్టు గట్టు మీద పెట్టాడు. తమ్ముడి దగ్గరికి వెళ్లి, తల మీది తువ్వాల విప్పి చెయ్యి చుట్టూ బిగించి కట్టాడు. అప్పుడు నన్ను చూశాడు.

"సారూ, బండి తియ్యి."

ముగ్గురం నా బండి మీదే బాన్సువాడ దవాఖానకు వచ్చాం, మధ్యలో ప్రకాశం. అక్కడి డాక్టర్లు నిజామాబాద్ తీసుకుపొమ్మన్నారు. ప్రాణం దక్కింది. చెయ్యి కూడా దక్కింది కానీ ఆ వేళ్లు మళ్లీ ముడుచుకోలేదు. పార పట్టే చెయ్యి అది.

ఇద్దరి మాటలు

సాయంత్రం పోలీస్ స్టేషన్‌కు వెళ్లాను. గంగారాం బెంచీ మీద కూర్చొని ఉన్నాడు. బట్టల మీద బురద ఎండిపోయింది. బాధపడుతున్నాడేమో, భయపడుతున్నాడేమో అనుకున్నాను. రెండూ లేవు. గుడిలో పూజ చేయించి వచ్చినవాడిలా నిమ్మళంగా ఉన్నాడు.

"గట్లెట్ల కొట్టినవ్ గంగారాం? అమ్మ ముందల ఒట్టేస్తివి గద" అన్నాను.

"ఏసిన. నేను తప్పలే సారూ. ఒక్కనాడు గూడ వేరేటోని వంతు ముట్టలే. తప్పినోన్ని కొట్టిన. అమ్మ చూసుకుంటదని నువ్వే గద అనిపించినవ్. అమ్మ నా చేతుల్తోని చూసుకున్నది."

నీళ్ల గురించి ఒట్టు పెట్టించాను, చెయ్యి గురించి పెట్టించలేదు. పైగా తప్పినవాడికి దెబ్బ పడుతుందని నేనే ముందు చెప్పి ఉంచాను. గంగారాం భక్తి అతణ్ణి ఆపలేదు. ఆపకపోగా, దెబ్బకు ఒక న్యాయం చూపించింది. మామూలు కోపంతో కొట్టినవాడైతే సాయంత్రానికి తల పట్టుకొని ఏడ్చేవాడు. నేను చాలామందిని చూశాను, ఏడుస్తారు. ఇతను ఏడవలేదు.

వారం తర్వాత నిజామాబాద్ దవాఖాన వరండాలో సామేలు పక్కన కూర్చున్నాను. అడగాలా వద్దా అనుకుంటూనే అడిగాను.

"ఆ పొద్దు గొడ్డలి దించినవ్ గదా. దేవుడు యాదికొచ్చిండా?"

"అబద్ధమెందుకు సారూ. రాలే. ఎవ్వలు యాదికి రాలే. కొట్టాలెననే ఉండె. వాని కాలు నా కండ్ల ముందల ఉండె. చెప్పు ఊడిపోయింది. మడమ పగుళ్లల్ల మన్ను ఇరికి ఉండె. నా కాలు గట్లనే ఉంటది. పోయిన వానాకాలం నా కాల్ల ముల్లిరిగితే గా గట్టు మీదనే కూసోబెట్టి తీసింది వాడే. గది చూసినంక కొట్టనీకి చెయ్యి రాలే. గంతల తమ్ముడు 'అన్నా' అని పిలిచిండు."

మళ్లీ అన్నాడు. "దేవుడు తర్వాత పనికొచ్చిండు. ఈడ రోజు తమ్ముని చెయ్యి చూస్తుంటె మళ్ల మళ్ల లేస్తది సారూ, పోయి వాన్ని నరకాలెనని. గప్పుడు ప్రార్థన చేసుకుంటున్న. చేసుకుంటే ఒక పూట ఆగుతది. మళ్ల చేసుకుంట."

లేస్తూ ఇంకో మాట చెప్పాడు. "ప్రకాశం కాల్వ తెంపుతలేడు సారూ. నీళ్లు సన్నగ వస్తున్నయని నాచు, గడ్డి తీస్తుండె. గంగారాం మడిదాక పోవాలె గదా అని."

వంతు తప్పినవాడు

ఊళ్లో కథ అప్పటికే తయారైంది. ఒట్టు వేయనివాళ్ల ఇంట్లో మైసమ్మ రక్తం చూసిందని చెప్పుకుంటున్నారు. సామేలు మడికి నీళ్లు ఇవ్వొద్దని ఇద్దరు ముగ్గురు గట్టిగా అంటున్నారు. అటు సామేలు బంధువులు పక్క ఊళ్ల నుంచి వచ్చిపోతున్నారు. ఒకడి చెయ్యి పోయింది కాబట్టి ఇంకొకడి చెయ్యి పోవాలని వాళ్లలో కుర్రవాళ్ల మాట. మధ్యలో ఒక తడి పోలీసుల కాపలాలో గడిచింది. తర్వాతి తడి నాటికి గంగారాం బెయిల్ మీద వచ్చాడు. ఆ రోజు తూము దగ్గర మళ్లీ నెత్తురు పారుతుందని అందరికీ తెలుసు.

దాన్ని ఆపగల సంగతి నాకూ ఏఈకీ తప్ప ఎవరికీ తెలియదు. ఆయనను అడిగాను. ముఖం పాలిపోయింది. "నువ్వు చెబితే నేనూ పోతాను, నువ్వూ పోతావు. ఇద్దరికీ పిల్లలున్నారు విఠల్" అన్నాడు. ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు.

ఆ పొద్దున తూముకు వెళ్లాను. ఒక పక్క గంగారాం వాళ్లు, ఇంకో పక్క సామేలు వాళ్లు. కర్రలున్నాయి. నడుమ ఒక్క కానిస్టేబుల్. మైసమ్మ రాయి పక్కన నిలబడ్డాను గానీ దాని మీద చెయ్యి పెట్టలేదు, పెట్టే ముఖం లేదు.

"ఆనాడు సామేలోళ్లు నీళ్లు ముట్టలే. పై తూము నేనే లేపిన. గంగారాం ఫోన్ చేస్తే అబద్ధం చెప్పిన. ఈడ ఒట్టేసి వంతు తప్పింది నేనొక్కన్నే" అన్నాను.

గంగారాం నా దగ్గరికి నడిచి వచ్చాడు. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"ఫోన్ల గట్లెందుకు చెప్పినవ్ సారూ?"

"భయమైంది గంగారాం."

"నిజం చెప్తే ఏమయ్యేది? తిడ్తుంటి." నా ముందే నిలబడి మళ్లీ అన్నాడు. "తిడ్తుంటి సారూ. గంతే గద. తిడ్తుంటి."

అక్కడే కట్ట మీద కూలబడి ఏడ్చాడు. స్టేషన్లో రాని ఏడుపు అప్పుడు వచ్చింది. అతణ్ణి చూడలేక అటు తిరిగాను. నా కళ్లు కూడా ఆగలేదు. కర్రలు పట్టుకున్నవాళ్లు ఏం చేయాలో తెలియక వాటిని కిందికి దించుకున్నారు.

సామేలు నన్ను క్షమించానని ఆ రోజూ అనలేదు, తర్వాతా అనలేదు. చివరికి తూము వైపు చూపించాడు.

"నీళ్లిడువు సారూ. వరి ఎండుతున్నది."

ఇడిచాను.

మీకు

నన్ను కొన్ని నెలలు సస్పెండ్ చేశారు. ఏఈని ఎటో బదిలీ చేశారు, మళ్లీ నాతో మాట్లాడలేదు. కేసు తన దారిన తాను నడిచింది. అవన్నీ పోయేవే. పోనిది ప్రకాశం చెయ్యి.

మరుసటి వానాకాలం నాట్ల ముందు ఆ కట్ట మీద నడుస్తుంటే, ప్రకాశం వాళ్ల మడి గట్లు చెక్కి ఉన్నాయి. పార పట్టలేనివాడు ఎలా చెక్కాడా అని చూస్తే, అవతలి మూల గంగారాం వంగి ఉన్నాడు. సామేలు ఇంకో మడిలో తన పని తాను చేసుకుంటున్నాడు. ఇద్దరికీ మాటల్లేవు. ఆ ఏడే కాదు, ప్రతి ఏడూ నాట్ల ముందు గంగారాం వచ్చి ఆ గట్లు చెక్కిపోతాడు. ఎవరూ చెప్పలేదు, ఎవరూ ఒట్టు పెట్టించలేదు. మైసమ్మకు దీపం పెట్టడం కూడా మానలేదు.

దేవుడి భయం మనిషి చెయ్యి ఆపుతుందా అని మీరు అడిగితే, నాకు తెలిసినంతలో చెబుతాను. సాయిలును నలభై ఒక్క రోజులు ఆపింది. గంగారాంను ఆపకపోగా ఊతమిచ్చింది. సామేలును ఆ క్షణంలో ఆపింది వేరే ఏదో, ఆ తర్వాత రోజుల్లో నిలబెట్టింది ప్రార్థన. నన్నైతే అబద్ధం చెప్పకుండా ఆపలేదు. చేతికంటిన పసుపును రుమాలుతో తుడుచుకున్నాను కదా. కాబట్టి ఒట్లు పెట్టించకండి. ఎవరైనా ఒట్టు వేయనంటే అతణ్ణి దొంగలా చూడకండి. ఒకరి ముల్లు ఒకరు తీసుకునే మనుషులు వాళ్లు. మనం వెళ్లి మధ్యలో అబద్ధం పెట్టకపోతే చాలావరకు వాళ్లే ఆగుతారు.

నేను రిటైరైనా గంగారాం ఫోన్ మానలేదు. నీళ్లు తగ్గితే ముందు నాకే చేస్తాడు. పోయిన వారం కూడా చేశాడు.

"సారూ, నీళ్లు సన్నగ వస్తున్నయి. పైన ఏమైనా లేపిండ్రా?"

"నేను దిగిపోయిన గద గంగారాం. కొత్త పిల్లలు వచ్చిండ్రు. వాళ్లను అడుగు."

"వాళ్లు నిజం చెప్తరా సారూ?"

చెప్తారని అన్నాను. మీరెవరో నాకు సరిగ్గా తెలియదు. అయినా మీ అందరి తరఫున ఆ మాట ఇచ్చాను.